హైదరాబాద్ స్పిట్‌ఫైర్ నమూనా

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ వాయుసేన 152వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ యుద్ధవిమానానికి చిన్న ప్రతిరూపం. దళం పేరు నిజాం విరాళానికి గుర్తు. చిహ్నంలో ఆయన తలపాగా ఉంటుంది. 1940లో ఇంగ్లండు గగనతలంలో, తర్వాత బర్మాలో ఈ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది.

1:72 కొలతలో రెక్కల వెడల్పు సుమారు 15.6 సెం.మీ. ముందు కాక్‌పిట్ లోపల రంగు వేసి, ఆపైనే విమానం మొండెం రెండు సగాలనూ అతికించాలి. మూసేశాక కుంచె దూరదు. అతుకుల సందులు పుట్టీతో పూడ్చి, తడిపిన ఉప్పుకాగితంతో రుద్దాలి. డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అంటించే ముందు మెరిసే వార్నిష్ పూయడం తప్పనిసరి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని తెల్లగా కనబడుతుంది.

బర్మా విమానమైతే బ్రిటిష్ వాయుసేన గుండ్రటి గుర్తులో ఎరుపు ఉండకూడదు. జపాన్ విమానమని పొరబడకుండా దాన్ని తీసేశారు. ఆ గుర్తు మీదుగా దూకే నల్ల చిరుతే ఈ నమూనాకు అసలైన అందం.