లక్క ప్లేట్లు ఎక్కడికి పోయాయి?

లక్కపిడతలతో వంటలాట ఆడని ఆడపిల్లలు మన తరంలో తక్కువే. భారతం విన్నవాళ్ళకి లక్క ఇల్లు తెలుసు, హైదరాబాదు లాడ్ బజారుకి వెళ్ళినవాళ్ళకి లక్క గాజులు తెలుసు. కానీ ఒకప్పుడు ప్రపంచమంతా పాటలు విన్నది కూడా లక్క మీదేనన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొక్కజొన్న ప్లాస్టిక్ స్పూన్లు, కంపోస్టబుల్ సంచులు చూసి ఇవేవో కొత్త వింత అనుకుంటాం. ప్రకృతి ఇచ్చిన ప్లాస్టిక్ మనకి ఏనాటి నుంచో ఉంది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టుకునే గూడే లక్క. వేడి చేస్తే మెత్తబడుతుంది, అచ్చులో నొక్కితే ఆ రూపం తీసుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ చేసేదీ అదే కదా!

1890ల నుంచి గ్రామఫోను ప్లేట్లకి లక్క వాడడం మొదలైంది. లక్కలో రాతిపొడి, మసి, కాస్త నూలు పీచు కలిపి వేడి మీద అచ్చు వేసేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటల్ని జర్మనీలోని హనోవర్‌లో అచ్చువేసి, మళ్ళీ మన దేశానికి తెచ్చి అమ్మారు. అక్కడివాళ్ళకి ఎవరి పాటో తెలియాలని ఆవిడ పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పేది. 1908కి కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ వచ్చింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి. ఉన్న లక్క యుద్ధ అవసరాలకి కావాలని 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ప్లేట్లకి వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. దాంతో కంపెనీలు పాత ప్లేట్లు వెనక్కి తెచ్చివ్వమని జనాన్ని అడిగాయి. వాటిని పొడి చేసి, కరిగించి, కొత్త ప్లేట్లు వేశారు. మనం స్టీలు సామాన్లవాడికి పాత బట్టలు వేసినట్టే!

రీసైక్లింగ్ అంటే అంతా లాభమే అనుకుంటాం గానీ, పాత పొడి కలిసిన ప్లేట్లలో గరగర ఎక్కువ. పైగా లక్కని ఎక్కువసేపు వేడి చేస్తే మళ్ళీ కరగనంత గట్టిపడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, కరిగిన ప్లేటుతో పాటు అందులోని గొంతు కూడా పోవడం. అదే ఆఖరి ప్రతి అయితే ఆ పాట ఇక లేనట్టే.

మా అత్తగారి పుట్టింట్లో పాడైన ప్లేటుని వేడినీళ్ళలో వేసి, మెత్తబడ్డాక గిన్నె మీద బోర్లించి పూలు పెట్టుకునే పళ్ళెంలా వంచేవారట. దాని మీద ఎవరి పాట ఉండేదో ఆవిడకి గుర్తులేదు.

ఇప్పటి మొక్కజొన్న ప్లాస్టిక్ సంగతీ చూడండి. దాన్ని పీఎల్ఏ అంటారు. మొక్క నుంచి వచ్చింది కదా, పెరట్లో పాతిపెడితే మట్టిలో కలిసిపోతుందనుకుంటాం. కలవదు. సుమారు 60 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే అది త్వరగా కుళ్ళుతుంది. పెరటి గుంతలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. పోనీ నీళ్ళ సీసాలతో కలిపి పాత సామాన్లవాడికి వేద్దామంటే, ఆ సీసాల రీసైక్లింగ్‌ని పాడుచేస్తుంది. ఒక వస్తువు దేంతో తయారైందన్నది సగం సంగతే. పని అయిపోయాక దాన్ని తీసుకునేవాళ్ళు ఉన్నారా లేదా అన్నది మిగతా సగం. 1942లో ప్లేట్లు తీసుకోవడానికి దుకాణం ఉంది. మన వీధిలో ఈ స్పూన్లు విడిగా తీసుకెళ్ళే బండి ఉందా?

అందుకే కంపోస్టబుల్ సంచి మీద ఆకు బొమ్మ చూసి మురిసిపోకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. మీ ఊళ్ళో దాన్ని ఎక్కడ వెయ్యాలో మునిసిపాలిటీవాళ్ళని అడగండి. జవాబు రాకపోతే మన గుడ్డసంచే మేలు.

ఇంకో మాట. మీ ఇంట్లో అటక మీద పాత ప్లేట్లేమైనా ఉంటే పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. జాగ్రత్తగా దింపి, దుమ్ము తుడిచి, మధ్యలో చీటీ మీదున్న పేరు చదవండి. ఆవిడ ఎవరో నాకూ చెప్పండి.