పదార్థములకు జాతులా, అవస్థలా?

ఓరుగంటినగరమున కాశిబుగ్గ యను పేట యొకటి కలదు. బుగ్గ యనగా నేలనుండి ఉబికివచ్చు నీటియూట. ఈ పేరులోని రెండుమాటలును మేము నేడు చెప్పబూనిన చరిత్రకు చక్కగా సరిపడుచున్నవి. నీరు స్వభావముచేతనే పాఱునా, లేక వేఱొక కారణముచేత పాఱునా యని విచారించిన పండితులలో కాశియందు కీర్తిగన్న ఆంధ్రు డొకడు కలడు. ఆయన విచారణ యెంతదూరము సాగినదో, ఎక్కడ నిలిచిపోయినదో, పిమ్మట లోకము దాని నెట్లు ముందునకు గొంపోయినదో గృహస్థులును గృహిణులును గూడ ఎఱుగదగియున్నది.

ఆయన పేరు అన్నంభట్టు, 17వ శతాబ్దమువాడు. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడను లోకోక్తి ఆయన పాండిత్యమునకు సాక్షి. ఆయన రచించిన తర్కసంగ్రహమును, దానికి తానే వ్రాసికొనిన దీపికయు నేటికిని తర్కము నేర్చువారికి మొదటి పాఠములు. కణాదుని మతము ననుసరించి పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగును పరమాణురూపమున నిత్యములనియు, కార్యరూపమున అనిత్యములనియు ఆయన చెప్పెను. గవాక్షమున జొచ్చు సూర్యకిరణములో కనబడు సూక్ష్మరజమునకు సైతము భాగము లున్నవి. ఆ భాగములకును భాగము లున్నవి. ఇట్లు విభజించుచు పోగా ఎచ్చటనో యొకచోట నిలువవలయును. నిలిచిన ఆ తుదిభాగమే పరమాణువు అని దీపికలోని యుక్తి.

ద్రవత్వమును గూర్చి ఆయన చేసిన విభాగము మఱింత రసవంతమైనది. జలమునకు ద్రవత్వము సాంసిద్ధికము, అనగా సహజము. నేతివంటి పార్థివద్రవ్యములకును, తేజోద్రవ్యమని ఆ మతమువా రెంచిన బంగారమునకును అది నైమిత్తికము, అనగా అగ్నిసంయోగమను కారణముచే వచ్చునది. పొడిపిండిని ముద్దగా గూర్చునది నీటిలోని స్నేహగుణము. చలికాలమున పేరుకొనిన నేయి పొయ్యిదాపున కరగుటను ప్రతిదినము చూచు ఇల్లాలికి ఈ నిర్వచనములు ఎంత నిశితమైన పరిశీలనమునుండి పుట్టినవో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్లయిన వడగండ్ల మాట యేమి? సహజముగా ద్రవమైన జలము ఱాతివలె గట్టిపడుట ఎట్లు? అదృష్టవిశేషముచే దాని ద్రవత్వమునకు ప్రతిబంధము కలిగినదని నైయాయికులు సమాధానము చెప్పిరి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. గుణమును జాతికి ముడివేసినందున, కంటి కెదుట జరుగు మార్పునకు కంటికి కనబడని కారణమును కల్పింపవలసివచ్చెను. నేతికి ఒప్పుకొనిన న్యాయమునే నీటికిని ఒప్పుకొనియుండినచో ఈ చిక్కు విడిపోయెడిది.

ఆ పని తూనికతోను కొలతతోను జరిగినది. 1760 ప్రాంతమున స్కాట్లండు దేశపు ఆచార్యుడు జోసెఫ్ బ్లాకు మంచు కరగుటకు పట్టు వేడిమిని కొలిచెను. మంచు కరగుచున్నంతసేపు ఎంత వేడి తగిలించినను ఉష్ణమాపకము పైకి కదలదు. ఒక గ్రాము మంచును కరగించుటకు పట్టు వేడి, అంతే నీటిని సుమారు 80 డిగ్రీలు కాచుటకు చాలును. ఆ వేడి యెక్కడకు పోయినది? అణువుల పట్టును సడలించుటకు వ్యయమైనదని తరువాతివారు తెలిసికొనిరి. 1857లో క్లాసియసును, 1860లో మాక్సువెల్లును ఈ సిద్ధాంతమును గణితముతో దృఢపఱచిరి. ఘనపదార్థమున అణువులు తమ తమ స్థానములను విడువక కంపించును. ద్రవమున ఒకదాని నొకటి యంటియుండియే చోటు మార్చుకొనుచుండును. వాయువున విడివడి, దొరికిన చోటంతయు వ్యాపించును. నీరు మఱిగి ఆవిరియైనప్పుడు సుమారు 1,600 రెట్లు చోటాక్రమించును. అణువులు మాత్రము పెరుగవు, వాని నడిమి యెడమే పెరుగును. పూజామందిరములోని కర్పూరము ద్రవము కాకయే గాలిలో కలిసిపోవును. కావుననే మూత గట్టిగా బిగింపవలయును.

అణువు లున్నవనుటకు ప్రత్యక్షప్రమాణ మేది? 1827లో రాబర్టు బ్రౌను పుప్పొడిలోని సూక్ష్మరేణువులు నీటిలో ఎడతెగక కదలాడుటను సూక్ష్మదర్శినితో చూచెను. ప్రాణము లేని ఱాతిపొడియు నట్లే కదలెను. కంటికి కనబడని నీటియణువుల తాకిడియే ఇందుకు కారణమని 1905లో ఐన్‌స్టైను లెక్కగట్టెను. 1908 మొదలు ఫ్రెంచి పండితుడు పెరీను ప్రయోగములతో దానిని నిరూపించి, 1926లో నోబెల్ బహుమానము నందెను. 18 గ్రాముల నీటిలో ఇంచుమించు 6 ప్రక్కన 23 సున్నలు పెట్టినన్ని యణువు లున్నవి. సృష్ట్యాదిని ఈశ్వరేచ్ఛచే పరమాణువులలో క్రియ పుట్టునని దీపిక చెప్పెను; ఆ క్రియ ఏ క్షణమునను ఆగక సాగుచున్నదనియు, దాని తీవ్రతయే మనకు వేడిగా తోచుననియు నూతనశాస్త్రము చూపెను.

సర్వమును మనవారే కనుగొనిరని గర్వించుటయు, మనవారికేమియు తెలియదని నిందించుటయు రెండును మాకు సమ్మతములు కావు. అన్నంభట్టు ప్రశ్న గొప్పది, యుక్తి సూక్ష్మమైనది. తక్కువైనవి త్రాసును ఉష్ణమాపకమును, అంతకు మించి ప్రశ్నించువారి సంఖ్యయును. శాస్త్రము సంస్కృతమున దాగి, స్త్రీలకును పెక్కు జాతులకును అందక పోయెను. ఆ తలుపు తెఱచుటకే హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికామండలి ప్రకృతిశాస్త్రములను తెనుగున ప్రకటించెను.

ఘనము, ద్రవము, వాయువు అనునవి జాతులు కావు, అవస్థలు. మనుజుల విషయమునను ఇట్టి పొరపాటే చిరకాలము జరిగినది. ఆడుదానికి మాంద్యము సహజమనియు, ఫలానాకులమువానికి చదువబ్బదనియు చెప్పినవారు నైమిత్తికమును సాంసిద్ధికమనిరి. చదువును అవకాశమును దొరకనందున పేరుకొనినదానిని పుట్టువుతో వచ్చినదని తలచిరి. తల్లులారా, తండ్రులారా! మంచుగడ్డను, నేతిగిన్నెను, కర్పూరపు బిళ్లను మీ కొడుకుల యెదుటనే గాక కూతుండ్ర యెదుటను ఉంచి, ఇది యేల యిట్లున్నదని అడుగుడు. వారు మఱల ప్రశ్నించినప్పుడు విసుగుకొనకుడు.