పూర్వపక్షం ఎవరిది? తెలుగులో జనరంజక తత్త్వ ప్రసారం: ఒక పరిశీలన

ప్రస్తావన

మన శాస్త్రగ్రంథాల్లో సిద్ధాంతి ఒక్కడే మాట్లాడడు. ముందు పూర్వపక్షం వస్తుంది. అవతలివాడి వాదాన్ని బలంగా నిలబెట్టి, దాన్ని ఖండించాకే సిద్ధాంతం చెప్పాలి. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యం నడక అదే. తత్త్వవిచారం పండిత సభ దాటి రేడియోకి, పుస్తకాల షాపుకి వచ్చినప్పుడు ఆ పూర్వపక్షం ఏమైందన్నది ఈ వ్యాసంలో ప్రశ్న.

ఉషశ్రీ: ఉత్తరం, సమాధానం

ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు (1928–1990) ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి రామాయణ భారతాలు వినిపించారు. 'ధర్మసందేహాలు' కార్యక్రమంలో శ్రోతల ఉత్తరాలకు జవాబులు చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం ఆ కంచుకంఠం కోసం ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. సంస్కృతం రానివారికి కూడా ధర్మం గురించి అడిగే చనువు ఆ కార్యక్రమం ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఉత్తరం రాసినవారి వంతు ఉత్తరంతోనే ముగిసేది. సమాధానం తృప్తినివ్వకపోతే అక్కడికక్కడే మళ్ళీ అడిగే వీలు లేదు.

నండూరి: ఒకే కలం

పత్రికా సంపాదకులు నండూరి రామమోహనరావు (1927–2011) 'విశ్వదర్శనం'లో పాశ్చాత్య చింతననూ భారతీయ చింతననూ వేర్వేరు సంపుటాలుగా అందించారు. పత్రిక చదవగలిగినవారు ఆ పుస్తకమూ చదవగలరు. వాడుక తెలుగు తత్త్వశాస్త్రం బరువు మోయగలదని ఆయన రుజువు చేశారు. ఇక్కడ మాత్రం సందేహం లేవనెత్తేదీ తీర్చేదీ ఒకే కలం.

పోలిక

బ్రిటన్‌లో ప్రసారకర్త బ్రయాన్ మాగీ 1978లో, 1987లో బీబీసీ టీవీలో తత్త్వవేత్తలతో పదిహేనేసి సంభాషణలు నడిపారు. తత్త్వవేత్తకు ఎదురుగా కూర్చుని, చూసేవారి తరఫున పూర్వపక్షి పాత్ర తానే తీసుకున్నారు. తార్కిక ప్రత్యక్షవాదం (లాజికల్ పాజిటివిజం)లోని లోపాలేమిటని మాగీ అడిగితే, దాన్ని ఇంగ్లిషు లోకానికి పరిచయం చేసిన ఎ.జె. ఎయరే అందులో దాదాపు అంతా తప్పేనని ఒప్పుకున్నారు. ఎంత పెద్ద ఉపన్యాసమైనా అలాంటి ఒప్పుకోలును రాబట్టలేదు. ఎదురుగా ఉన్న మనిషి సూటిగా అడిగాడు కాబట్టే అది వచ్చింది.

ముగింపు

హైదరాబాద్ శివారు నారపల్లిలో ఉప్పల్ బస్సెక్కి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉషశ్రీ రికార్డులు వినే శ్రోతకు ఆ గొంతు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది. దాన్ని ఆపి "మరి దీనికేమంటారు?" అని అడిగే దారి మాత్రం ఇప్పటికీ లేదు. ఉషశ్రీ మనకు చెప్పే గొంతునిచ్చారు, నండూరి రాసే భాషనిచ్చారు. ఇక కావలసింది ఆ ఇద్దరి స్థాయిలో చదువుకుని, శ్రోత పక్షాన కూర్చుని అడిగే మనిషి. తత్త్వాన్ని సులువు చేయడమంటే దాని స్థాయి తగ్గించడం కాదు, వినేవారిని కూడా వాదంలోకి దించడం. మాగీ చేసిన పని మనకు పరాయిది కాదు. పూర్వపక్షం అన్న మాట మన దగ్గర వందల ఏళ్ళుగా ఉంది. దాన్ని మైకు ముందుకు తేవడమే మిగిలింది.