చాపదైర్ఘ్యము

వృత్తపరిధిపై నున్న రెండు బిందువుల నడుమ, ఆ పరిధినే యనుసరించి కొలిచిన దూరమునకు చాపదైర్ఘ్యమని పేరు. ఆ బిందువులను సూటిగా కలుపు రేఖ జ్యా. జ్యామధ్యమునుండి చాపమధ్యమువరకు గల యెత్తు శరము. కేంద్రమువద్ద చాపము చేయు కోణము రేడియన్లలో తెలిసినచో, దానిని వ్యాసార్ధముచే గుణించినంతనే చాపదైర్ఘ్యము లభించును. కోణము డిగ్రీలలో నున్నచో, పూర్ణవృత్తపు 360 డిగ్రీలలో అది యెన్నవ వంతో పరిధిలో నన్నవ వంతే చాపము. సూత్రమింత సులభముగా కన్పట్టుటకు వెనుక అనేక శతాబ్దుల గణకుల పరిశ్రమ గలదు.

క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు, సైనీ, అలెగ్జాండ్రియా నగరముల నడుమ చాపము భూపరిధిలో 50వ వంతని మధ్యాహ్నచ్ఛాయలవలన గ్రహించి, ఆ నగరముల దూరమునుండి భూపరిధిని గణించెను. మనదేశమున ఆర్యభటుడు, 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి 62,832కు ఆసన్నమని చెప్పి, పరిధిని 21,600 కళలుగా విభజించి, వ్యాసార్ధమును 3,438 కళలుగా గ్రహించెను. కోణమును, చాపమును, వ్యాసార్ధమును ఒకే మానమున చెప్పు ఈ పద్ధతిలో నేటి రేడియను భావము బీజరూపమున నున్నది.

కోణమును కొలువ వీలులేనిచోట జ్యాశరములే ఆధారములు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున వెలసిన గణితసారసంగ్రహమున మహావీరాచార్యుడు, శరవర్గమును స్థూలగణనకు 5చేతను, సూక్ష్మగణనకు 6చేతను గుణించి, జ్యావర్గమును కలిపి, వర్గమూలము తీసినచో చాపము వచ్చునని చెప్పెను. ఈ గ్రంథమునే పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చి, మన భాషలో గణితశాస్త్రమునకు పునాది వేసెను. అటుపిమ్మట కేరళమున నీలకంఠ సోమయాజి, చిన్న చాపములకు ఆ గుణకము ఐదున్నూ మూడవవంతుగా నుండవలెనని తేల్చుటచే, మహావీరుని రెండు గుణకముల నడుమ నున్న నిజము బయల్పడినది. అంతకు పూర్వమే మాధవుడు చాపమును అనంతశ్రేణిగా విస్తరించి, కోరినంత సూక్ష్మత సాధించు మార్గమును తెరచియుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున మనదేశమున ఈ విద్య కాగితమును విడిచి భూమిపైకి వచ్చినది. సర్వే అధికారి లాంబ్టన్ 1802లో మదరాసు చెంత ఆధారరేఖను కొలిచి మొదలిడిన మహాచాపము, కన్యాకుమారినుండి హిమాలయపాదము వరకు రేఖాంశవృత్తపు ఖండమును కొలుచుటగా పరిణమించినది. అతని యనంతరము సర్వే బాధ్యత వహించిన ఎవరెస్టు దానిని కొనసాగించెను. కలకత్తానుండి తూర్పుతీరము వెంబడి దక్షిణముగా సాగిన త్రికోణమాలికను సరిచూచుటకై, 1862లో సర్వే అధికారి బాసెవి విశాఖపట్నము ప్రాంతమున ఒక ఆధారరేఖను కొలిచెను. ఒక రేఖను సాక్షాత్తు కొలిచి, తక్కిన దూరములను కోణములనుండి గణించుటయే ఈ సర్వేల రహస్యము.

ఆ తీరముననే, శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమున భావనపాడు కలదు. దాని స్థానము సుమారు 18°34′ ఉత్తర అక్షాంశము, 84°21′ తూర్పు రేఖాంశము. విశాఖ రేవు 17°41′, 83°17′ ప్రాంతమున నున్నది. భూమిని గోళముగా భావించి గణించినచో, ఈ రెండుచోట్ల నడుమ, భూకేంద్రమే కేంద్రముగా గల మహావృత్తపు చాపము ఆ కేంద్రమువద్ద సుమారు 1°20′ కోణము చేయును. మహావృత్తమున ఒక్కొక్క కళకు ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్లు, గనుక దూరము 80 నాటికల్ మైళ్లకు, అనగా దాదాపు 150 కిలోమీటర్లకు, తేలును. ఈ రెండు తావులను సూటిగా కలుపు జ్యా, మధ్యభాగమున నీటిమట్టమునకు సుమారు 440 మీటర్ల లోతున పోవును. అయినను ఆ జ్యాకంటె చాపము మూడున్నర మీటర్లకు మించి పొడవు గాదు. శరము ఇంత పెద్దదై యుండగా పొడవులలో భేదమింత స్వల్పమగుటయే, చిన్న దూరములను సరళరేఖలుగా తలచిన పూర్వుల ఆచారమునకు సమర్థన.

భావనపాటి జాలరులు నేడు వేటకు పోవుచు వెంట గొనిపోవు జీపీఎస్ యంత్రము లోలోపల చేయునది ఈ గణితమే: రెండు స్థానముల నడుమ కోణమును గ్రహించి, భూమి ధ్రువములవద్ద ఇంచుక అణగియుండుటను గూడ సరిదిద్ది, దూరమును చూపుట. కావున చాపదైర్ఘ్యమును పాఠశాలలో బోధించునపుడు, సూత్రమును వల్లెవేయించుటతో తృప్తిపడక, విద్యార్థిచేత తన యూరి అక్షాంశరేఖాంశములనుండి సమీపపు రేవునకు గల దూరమును గణింపజేయుట ఉత్తమ పద్ధతి.