పెద్దరోగము - ప్లౌరైటు పండితుని పరిశోధనము



నేటి ప్రసంగమున నేను చెప్పబోవునది ఒక పశువైద్య శాస్త్రజ్ఞుని పరిశోధన చరిత్రము. ఆయన ఆంగ్లేయుడు, ముఖ్యముగా పనిచేసినది ఆఫ్రికాఖండమున, మన పల్లెలలో ఆయన పేరు వినినవారు మిక్కిలి అరుదు. అయినను నేడు మీ దొడ్లలో నిశ్చింతగా నెమరువేయుచున్న పశువులకును ఆయన కృషికిని సంబంధము కలదు. ఆ సంబంధమెట్టిదో చెప్పుటకే ఈ ప్రయత్నము.

పెద్దరోగమనియు, ముసరవ్యాధి యనియు మనవారు పిలిచిన జాడ్యమును మీలో వయసు మీరినవారు కన్నులార చూచియే యుందురు. మొదట పశువునకు తీవ్రమైన జ్వరము వచ్చును. మేత ముట్టదు, నెమరు వేయదు. కన్నులనుండియు ముక్కునుండియు కారు నీరు చిక్కబడి చీమువలె నగును. చిగుళ్లమీదను నాలుకక్రిందను తవుడు చల్లినట్లు పొక్కులు లేచి పుండ్లు పడును. పిదప దుర్గంధముతో రక్తవిరేచనములు పట్టుకొనును. వారము పదిదినములలో పశువు నేలకొరగును. మందలో పదింట ఎనిమిది తొమ్మిది పోయిన సందర్భములును కలవు. మా తాతగారు ఆ రోగమును పేరుపెట్టి పలుకుటకు సహితము జంకెడివారు. “అది వచ్చిన యేడు” అని మాత్రమే చెప్పెడివారు. ఎద్దులు పోయిన రైతు ఆ యేడు దున్నలేడు. దున్ననివానికి పంట లేదు. పంట లేనివానికి అప్పు పుట్టదు. ఇంతకంటె వివరింప నక్కరలేదు.

ఇది మన దేశమునకే పరిమితమైన బాధ కాదు. 1761లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమున ప్రపంచములోని మొదటి పశువైద్య పాఠశాల వెలయుటకు ఈ మహామారియే ముఖ్యకారణము. 1887 ప్రాంతమున ఎరిట్రియా తీరమున అడుగుపెట్టిన ఈ వ్యాధి పదియేండ్లలో ఆఫ్రికా దక్షిణభాగమునకు చేరెను. ఇథియోపియాలో 1888 నుండి 1892 వరకు జనులను మ్రింగిన ఘోరక్షామమునకు పశునాశనము ఒక ప్రధానహేతువు.

మన యూళ్లలో జాడ్యము వచ్చెనన్న, యంత్రపు రేకు కట్టిన త్రాడును ఊరి మొగదల వ్రేలాడదీసి, దాని క్రిందుగా మందను తోలెడివారు. గ్రామదేవతకు మ్రొక్కెడివారు. ఈ ఆచారమును పరిహసించుటకై నేను చెప్పుటలేదు. చేయదగినది వేరొకటి కానరానపుడు మనుష్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండలేడు. అదియుగాక, పొరుగూరి పశువును పొలిమేర దాటనీయకుండుట యనునది శాస్త్రజ్ఞులును ఒప్పుకొను మంచి కట్టుబాటు. రోగపు పశువు ఊపిరి, చీమిడి, పేడ తగులుటచేతనే ఈ వ్యాధి అంటుకొనును.

మన దేశమున ఈ జాడ్యముపై పరిశోధనము 1889లో పూనా నగరమున ఆరంభమై, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు మారెను. అంటురోగములతో పని గనుక జనావాసములకు దూరమైన కొండను ఎన్నుకొనిరి. 1897లో సుప్రసిద్ధుడైన రాబర్టు కాక్ పండితుడును అచ్చటికి వచ్చెను. 1920 తరువాతి దశాబ్దమున అక్కడి అధిపతియైన ఎడ్వర్డ్స్ దొర ఒక విశేషము కనుగొనెను. రోగపు విషమును మేకనుండి మేకకు పలుమారు ఎక్కించినచో అది గోజాతికి అంత ప్రాణాంతకము కాక, రక్షణమును మాత్రము కలిగించును. ఇదియే మేకటీకా. మన నాటుపశువులు దానిని చాలవరకు తట్టుకొనెను. సుకుమారమైన జాతులలోను సంకరజాతులలోను మాత్రము అది తీవ్రజ్వరమును, ఒక్కొక్కప్పుడు మరణమునుగూడ తెచ్చుచుండెను. టీకావలన పశువు పోయినచో ఆ రైతు మరల టీకావాని ముఖము చూచునా?

వాల్టర్ ప్లౌరైటు పూనుకొన్నది ఈ చిక్కును విడదీయుటకే. ఆయన 1923లో ఇంగ్లాండులోని లింకన్షైరు సీమయందు హోల్బీచ్ అను ఊర జన్మించెను. లండనులోని రాయల్ పశువైద్య కళాశాలలో చదివి 1944లో పట్టము పొందెను. సైన్యపు పశువైద్యశాఖలో చేరి కెన్యా దేశమున కొంతకాలము పనిచేసెను. మరలివచ్చి తాను చదివిన కళాశాలలోనే పాథాలజీ శాస్త్రమును బోధించెను. 1950లో మరల ఆఫ్రికాకు పోయి, 1956 మొదలు నైరోబీ నగరమునకు చేరువనున్న ముగుగా పరిశోధనశాలలో పాథాలజీ శాఖకు పెద్దయై యుండెను.

పాథాలజీ యనగా రోగమువలన దేహమున గలుగు మార్పులను పరీక్షించు శాస్త్రము. వైద్యుడు బ్రతికియున్న పశువునొద్ద కూర్చుండును. ఈ శాస్త్రజ్ఞుడు తరచుగా చచ్చిన పశువునొద్ద కూర్చుండును. కడుపు కోసి, ప్రేగులు తెరచి, ముక్కలను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, రోగము ఎచ్చట ప్రవేశించెను, దేనిని చెరచెను అని విచారించును. మనకు జుగుప్స కలిగించు పనియే. కాని చచ్చిన పశువు చెప్పు సాక్ష్యము బ్రతికిన పశువు చెప్పలేదు.

పెద్దరోగమునకు కారణము వైరసు అను అతిసూక్ష్మమైన విషక్రిమి. పిల్లలకు వచ్చు తట్టునకు కారణమైన క్రిమికి ఇది దగ్గరి చుట్టము. ఇది జీవమున్న కణములలోనే గాని పెరుగదు. 1949లో అమెరికాలో ఎండర్సు మొదలగువారు పోలియో విషక్రిమిని గాజుపాత్రలలోని కణములయందు పెంచగలిగిరి. ఆ మార్గమునే ప్లౌరైటు పెద్దరోగమునకు అన్వయించెను. దూడ మూత్రపిండమును తీసికొని, దాని కణములను విడదీసి, పోషకద్రవముతో గాజుపాత్రలో పెంచెను. 1910లో కెన్యాలో లభించిన కబెటె అను మహోగ్రమైన విషమును ఆ కణములలో వేసెను. అది పెరిగిన పిదప కొంత తీసి క్రొత్త కణములలో వేసెను. మరల తీసి మరల వేసెను. ఫెర్రిస్ అను సహాయునితో కూడి ఈ మార్పిడిని సుమారు 90 సారులు సాగించెను.

ఈ సంఖ్యను విని ముందుకు పోవుట సులభము. నన్నడిగిన, ఈ చరిత్రములో ముఖ్యమైన ఘట్టము ఇదియే. మధ్యమధ్య ఆ విషమును పశువులకెక్కించి జ్వరమెంత, నోటిపుండ్లు కలవా, విరేచనములు కలవా యని పరీక్షింపవలెను. ఒక పాత్రలో వేరొక క్రిమి చొరబడిన ఆ శ్రమయంతయు వ్యర్థము. ఇందు కన్నులు మిరుమిట్లు గొలుపు దినమొక్కటియు లేదు. క్రమక్రమముగా విషము తన కోరలు కోల్పోయెను. జ్వరము సైతము రాని దశ వచ్చెను. కాని అది సోకిన పశువును నిజమైన పెద్దరోగము తాకజాలకపోయెను. 1962లో ఈ టీకా ఫలితములను ప్రకటించిరి. ఇది ఏ జాతి పశువునకైనను, చూడి ఆవునకైనను హాని చేయలేదు. టీకా పొందిన పశువునుండి ప్రక్కపశువునకు ఇది అంటలేదు. రక్షణము ఒక్క పోటుతోనే అనేక సంవత్సరములు నిలిచెను. ఒక్కటి మాత్రము గమనింపవలెను: రక్షణము గల తల్లి జున్నుపాలు త్రాగిన లేగదూడకు కొన్ని నెలలు టీకా పట్టదు; దానికి పిదప మరల వేయవలసి యుండెను.

ప్లౌరైటు ఇతర పరిశోధనములలో ఒకదానిని చెప్పక మానలేను. కెన్యాలోని మాసాయి పశుపాలకులకు ఒక నమ్మకముండెను. ఎద్దు తలయు గుర్రపు తోకయు గల వైల్డెబీస్ట్ అను అడవిమృగము ఈనెడి కాలమున ఆ మైదానములకు ఆవులను తోలినచో అవి జ్వరముతో చచ్చునని వారు ఆ చోట్లను విడిచిపోయెడివారు. ప్లౌరైటు 1960లో ఆ మృగముల రక్తమునుండియే ఆ వ్యాధి క్రిమిని పట్టి చూపెను. కాపరుల మాట నిజమయ్యెను. ఆఫ్రికా పందిజ్వరపు క్రిమి నేలబొరియల గోమారులలో దాగియుండుటను గూర్చియు ఆయన బృందము పరిశోధించెను.

మంచి టీకా చేతికి వచ్చినంతమాత్రమున రోగము పోలేదు. ఆఫ్రికాలో 1962 నుండి 1976 వరకు అనేక రాజ్యములు కలిసి టీకాలు వేసెను. రోగము దాదాపు అణగెను. అంతట శ్రద్ధ సడలెను. 1980 తరువాత అది మరల విజృంభించి లక్షలకొలది పశువులను చంపెను. టీకాను చల్లగా నుంచవలసి యుండుట మరియొక చిక్కు. మంచుపెట్టె లేని ఎడారిపల్లెకు దానినెట్లు చేర్చుట? 1990 ప్రాంతమున జెఫ్రీ మారినర్ అను అమెరికా పండితుడు ప్లౌరైటు టీకానే వేడిమికి ఓర్చుకొనునట్లు చేసెను. అటుపిమ్మట పశుకాపరులే దానిని మోసికొనిపోయి తమ మందలకు వేసికొనిరి.

మన దేశమున 1954లో ఈ రోగనిర్మూలన కార్యక్రమము ఆరంభమైనప్పుడు వాడినది మేకటీకాయే. తరువాత కణములలో పెంచిన టీకా వచ్చి సంకరజాతి పశువులకు మిక్కిలి ఉపకరించెను. ఉత్తరదేశమున రోగము అణగినను, మనమున్న దక్షిణద్వీపకల్పమున అది చాలకాలము తలదాచుకొనెను. సంతకు సంతకు తిరుగు పశువులే దానికి బండ్లయ్యెను. చివరకు ఒక విచిత్రమైన సమస్య ఎదురయ్యెను. టీకా పొందిన పశువు రక్తమును, రోగము సోకి బ్రతికిన పశువు రక్తమును పరీక్షలో వేరుచేయుటకు వీలులేదు. కావున రోగము నిజముగా పోయినదా యని తెలియవలెనన్న, టీకాలు మానివేయవలెను! నలువది యేండ్లు టీకా వేయించుకొనుడని చెప్పినవారే, ఇక వలదని చెప్పవలసి వచ్చెను. అట్లు మాని, జ్వరమును నోటిపుండ్లును గల పశువు ఎచ్చటనైన కలదా యని ఊరూర వెదకిరి. మన దేశమున కడపటిసారి ఈ రోగము కనబడినది 1995లో. 2006 మే నెలలో భారతదేశమునకు పెద్దరోగము లేదని అంతర్జాతీయ పశ్వారోగ్య సంస్థ అంగీకరించెను.

ప్లౌరైటు 1971లో స్వదేశమునకు మరలి, తాను చదివిన కళాశాలలో ఆచార్యుడై, 1983లో విశ్రాంతి గైకొనెను. 1981లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1999లో ప్రపంచ ఆహార బహుమానమును పొందెను. వైద్యునకు ఆహార బహుమానమేమని అడుగువారుందురు. ఎద్దు చచ్చిన యింట గాదె యెట్లుండునో తెలిసినవారు మాత్రము అడుగరు.

ప్రపంచమున ఈ రోగము చివర కనబడినది 2001లో, కెన్యాలోని అడవిదున్నలలో. ప్లౌరైటు పనిచేసిన దేశమే. 2010 ఫిబ్రవరి 19న ఆయన మరణించెను. మనుష్యులలో మశూచి తరువాత, భూమిమీదినుండి తొలగిన రెండవ వ్యాధి ఇదియేనని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2011 జూన్ 28న ప్రకటించెను. ఆ మాటను ఆయన చెవులార వినలేకపోయెను.