ఉదరచికిత్సయు కంటిచూపును

కడుపునకు చేసిన చికిత్స కొన్నియేండ్లకు కంటిని బాధించుట వింతగా తోచవచ్చును. కాని యీ రెంటికిని నడుమ కాలేయమున్నది. మన యిండ్లలో కార్జమనునది యిదియే.

సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున రేచీకటికి మేకకాలేయమును పిప్పళ్లతో వండి తినుమని యున్నది. ఈ పాఠము చెప్పునపుడు మా గురువుగారు శుద్ధశాకాహారులగుటచే కొంచెము మొగము ముడుచుకొని ముందునకు సాగెడివారు! ఆ మందు గుణమిచ్చుటకు కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1913లో అమెరికాయందు మెక్కాలమ్, డేవిస్ అను నిరువురు వెన్నలోను, గ్రుడ్డు పచ్చసొనలోను నున్న యొక పోషకద్రవ్యమును గుర్తించిరి. దానికే పిదప ఏ-విటమిను అని పేరు వచ్చెను. అది క్రొవ్వులో కరగును. పిత్తరసము తోడ్పడనిదే యొంటికి పట్టదు. పట్టినది కాలేయమున నిలువయుండును.

ఇక శస్త్రచికిత్స మాట. 1881 జనవరి 29వ తేదీన వియన్నానగరమున బిల్‌రోత్ అను వైద్యుడు నలుబదిమూడేండ్ల స్త్రీకి అన్నకోశమున వ్రణము పెరిగిన భాగమును కోసి తీసి, మిగిలినదానిని ప్రేగునకు చేర్చి కుట్టెను. ఆమె సుమారు నాలుగుమాసములు జీవించెను. తరువాత కడుపుపుండ్లకు సయితము ఈ విధమగు చికిత్స విరివిగా జరిగెను. అన్నకోశము తిత్తివంటిది మాత్రమే యనియు, తీసినను నష్టము లేదనియు నప్పటివారి తలంపు.

అది పొరపాటని తేలుటకు మరల కార్జమే కావలసివచ్చెను. 1926లో మైనట్, మర్ఫీ యనువారు ప్రాణాంతకమైన యొకవిధపు పాండురోగమును కాలేయాహారముచే కుదిర్చిరి. అన్నకోశమునుండి యూరు నొక పదార్థము లేనిచో నా మందుసారము ప్రేగులకు పట్టదని 1929 ప్రాంతమున కాసిల్ అను వైద్యుడు చూపెను. 1948లో ఎఱ్ఱని స్ఫటికములుగా చేతికి చిక్కిన బి-12 విటమినే యా సారము. కాలేయములోని నిలువ మూడు నాలుగేండ్లు చాలును. అందుచేతనే కోత మానినవెంటనే కీడు కానరాదు.

మా పెదతండ్రిగారికి 1972లో పుండునకై అన్నకోశమున చాలభాగము తీసివేసిరి. ఆరేండ్లకు పాదములు మొద్దుబారెను. భాగవతము చదువుచుండగా నక్షరముల నడుమ మసక క్రమ్మెను. ముసలితనమనిరి; కంటద్దములు రెండుసారులు మార్చిరి. చివర కొక యువవైద్యుడు చొక్కా పైకెత్తి మచ్చను చూచి, "తాతగారూ, యీ కోత యెన్నడు జరిగినది?" అని యడిగెను. సూదిమందు మొదలిడగా పాదములు తేరుకొనెను. చూపు సగమే మరలివచ్చెను. కోసిన చోట నెవ్వరును ముందుగా నీ మాట చెప్పియుండలేదు.

పుండునకు సూక్ష్మజీవి కారణమని మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియావైద్యులు 1980ల దశకమున నిరూపించిన పిదప నా కోతలు తగ్గెను. అంతలో స్థూలకాయమునకు వేరు కోతలు వచ్చెను. 1976లో ఇటలీలోని జెనోవాలో స్కోపినారో యారంభించిన పద్ధతిలో, ఆహారము ప్రేగుల తుదిభాగముననే పిత్తరసమును కలియును. బరువు తగ్గును, దానితోపాటు ఏ-విటమినును తగ్గును. అట్టివారిలో కొందరికి సుశ్రుతుడు వర్ణించిన రేచీకటియే కలుగుచున్నది. మ్రింగిన మాత్ర పట్టనివారికి సూదిమందే శరణ్యము. రేచీకటి సకాలమున కనిపెట్టిన కొలదిదినములలోనే తగ్గును. బి-12 లోపముచే నేత్రనాడి చిరకాలము చెడినయెడల, పోయిన చూపు పూర్తిగా తిరిగిరాదు.