తల్లిదండ్రుల పేరిట: ఐలండ్ ట్రీస్ పాఠశాల గ్రంథాలయ వివాదం (1975–1982) – ఒక పరిశీలన

ప్రవేశిక

పాఠశాల గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉండాలి, ఏది ఉండరాదు అనే చర్చ తలెత్తినప్పుడల్లా 'తల్లిదండ్రులు దీన్ని ఒప్పుకోరు' అనే మాట వినిపిస్తుంది. పైకి అది ఏకాభిప్రాయంలా తోస్తుంది. ఆ తల్లిదండ్రులు ఎవరు, ఎందరు, ఎవరి పిల్లల విషయంలో మాట్లాడుతున్నారు, తాము అభ్యంతరం చెప్పే పుస్తకాన్ని పూర్తిగా చదివారా అని ప్రశ్నించినప్పుడు ఆ ఏకాభిప్రాయం నిలవదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో, ఐలండ్ ట్రీస్ పాఠశాల జిల్లాలో 1975లో మొదలైన వివాదం ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది. అది 1982 జూన్ 25న సుప్రీంకోర్టు తీర్పు దాకా సాగింది. పాఠశాల గ్రంథాలయం నుంచి పుస్తకాల తొలగింపుపై ఆ న్యాయస్థానం నేరుగా విచారించిన ప్రధాన వ్యాజ్యం అదే. ఐలండ్ ట్రీస్‌లో పుస్తకాల తొలగింపు తల్లిదండ్రుల పేరిట జరిగిందే కాని, తల్లిదండ్రులు కూర్చుని చదివి ఇచ్చిన నిర్ణయాన్ని అనుసరించి జరగలేదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిషేధం – తొలగింపు

ముందుగా 'నిషేధం' అనే పదాన్ని వివరించుకోవడం అవసరం. తెలుగు సాహిత్య చరిత్రలో పుస్తక నిషేధం అనగానే ముద్దుపళని 'రాధికాసాంత్వనము' గుర్తుకు వస్తుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వెలువరించిన పరిష్కృత ప్రతిపై 1911లో మద్రాసు ప్రభుత్వం అశ్లీలమనే కారణంతో చర్య తీసుకుంది. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గ కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. అక్కడ ప్రభుత్వం ఒక గ్రంథం ప్రచురణను, విక్రయాన్ని పాఠకులందరికీ అడ్డుకుంది. పాఠశాల గ్రంథాలయంలో జరిగేది వేరు. పుస్తకం అంగడిలో దొరుకుతూనే ఉంటుంది. ఊరి పౌరగ్రంథాలయంలోనూ ఉండవచ్చు. పాఠశాల బీరువాలో మాత్రం ఉండదు. దీన్ని నిషేధం అనవచ్చునా, లేక ఎంపికలో భాగమైన ఉపసంహరణ అనాలా అన్నదే ఐలండ్ ట్రీస్ వ్యాజ్యంలో కేంద్రాంశమైంది. పుస్తకాన్ని కొనకపోవడం, కొని చేర్చిన పుస్తకాన్ని అందులోని భావాలు నచ్చక తీసివేయడం ఒకటి కావన్న వాదానికి అక్కడే బలం చేకూరింది.

తల్లిదండ్రుల హక్కు: రెండు అర్థాలు

అమెరికా న్యాయచరిత్రలో తల్లిదండ్రుల హక్కుకు దృఢమైన పునాది ఉంది. చిన్న తరగతుల పిల్లలకు ఆంగ్లేతర ఆధునిక భాషలు నేర్పరాదన్న నెబ్రాస్కా చట్టాన్ని 1923లో, పిల్లలంతా ప్రభుత్వ పాఠశాలలకే వెళ్లాలన్న ఆరెగాన్ చట్టాన్ని 1925లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ రెండు తీర్పులూ తమ బిడ్డల చదువును నిర్దేశించుకునే అధికారాన్ని తల్లిదండ్రులకు గుర్తించాయి. అయితే ఆ రెండు సందర్భాలలోనూ ఆ హక్కు చదువు పరిధిని విస్తరింపజేసింది; ప్రభుత్వం మూసిన దారిని తల్లిదండ్రులు తమ బిడ్డల కోసం తెరిపించుకున్నారు.

1970ల నాటికి ఇదే పదబంధం మరొక అర్థంలోనూ వాడుకలోకి వచ్చింది. 1974లో వెస్ట్ వర్జీనియాలోని కనావా కౌంటీలో భాషా పాఠ్యపుస్తకాలపై ఆందోళన చెలరేగింది. తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపడం మానివేశారు, బొగ్గుగని కార్మికులు పని మానారు, పాఠశాల భవనాలపై బాంబుదాడులు కూడా జరిగాయి. ఇక్కడ కోరినది తమ బిడ్డకు మినహాయింపు మాత్రమే కాదు. ఆ పుస్తకాలు ఏ బిడ్డ చేతికీ అందరాదని. తన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల అధికారం, అందరి బిడ్డల విషయంలో కొందరు తల్లిదండ్రుల అధికారం అనే ఈ రెండింటి మధ్య భేదాన్ని గమనించకపోతే ఐలండ్ ట్రీస్ వివాదం అర్థం కాదు.

జాబితా నుంచి తొలగింపు దాకా

1975 సెప్టెంబరులో ఐలండ్ ట్రీస్ పాఠశాల మండలి సభ్యులు ముగ్గురు 'పేరెంట్స్ ఆఫ్ న్యూయార్క్ యునైటెడ్' అనే సంస్థ ఏర్పాటు చేసిన సదస్సుకు వెళ్లారు. అది విద్యావ్యవహారాలపై ఆసక్తి గల సంప్రదాయవాద తల్లిదండ్రుల సంస్థ. అక్కడ వారికి 'అభ్యంతరకర' పుస్తకాల జాబితాలు లభించాయి. పుస్తకాల నుంచి ఏరిన కొన్ని భాగాలూ ఆ జాబితాలకు జతపడి ఉన్నాయి. నవంబరులో ఒక రాత్రి పాఠశాలలో కార్యక్రమం జరుగుతుండగా మండలి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు గ్రంథాలయ సూచికార్డులను వెదికారు. జాబితాలోని తొమ్మిది పుస్తకాలు ఉన్నత పాఠశాల గ్రంథాలయంలో కనిపించాయి. మరొకటి జూనియర్ ఉన్నత పాఠశాలలోను, ఇంకొకటి పన్నెండవ తరగతి సాహిత్య పాఠ్యక్రమంలోను ఉన్నట్టు తేలింది.

గమనించదగిన అంశం ఒకటి ఉంది. ఈ అన్వేషణకు మూలం ఐలండ్ ట్రీస్‌లో ఒక తండ్రి గాని తల్లి గాని తన బిడ్డ ఇంటికి తెచ్చిన పుస్తకం చూసి చేసిన ఫిర్యాదు కాదు. జిల్లాకు వెలుపల తయారైన జాబితా ముందు వచ్చింది. పుస్తకాలను దానికి సరిపోల్చి వెదకడం తరువాత జరిగింది.

1976 ఫిబ్రవరిలో ఆ పుస్తకాలను తీసి మండలి కార్యాలయానికి పంపాలని ఆదేశం వెలువడింది. అభ్యంతరాల పరిశీలనకు పద్ధతి ఇదివరకే ఉన్నదని, దాన్ని పాటించడం మేలని పాఠశాలల సూపరింటెండెంట్ లిఖితపూర్వకంగా సూచించాడు. ఆ సూచన చెల్లలేదు. విషయం పత్రికలకెక్కిన తరువాత మండలి ఒక ప్రకటనలో ఆ పుస్తకాలను అమెరికాకు, క్రైస్తవానికి, యూదులకు వ్యతిరేకమైనవిగా, బూతుగా వర్ణించింది. శారీరక ప్రమాదం నుంచి పిల్లలను కాపాడినట్టే నైతిక ప్రమాదం నుంచీ కాపాడడం తమ ధర్మమని చెప్పుకొంది.

ఏ పుస్తకాలు?

తొలగించిన పదకొండు పుస్తకాలను వరుసగా చూస్తే ఆరోపణ స్వభావం తెలుస్తుంది. కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్-ఫైవ్', బెర్నార్డ్ మాలమూడ్ 'ది ఫిక్సర్', ఆలివర్ లఫార్జ్ 'లాఫింగ్ బాయ్', డెస్మండ్ మోరిస్ 'ది నేకెడ్ ఏప్', కర్త పేరు లేకుండా వెలువడిన 'గో ఆస్క్ ఆలిస్', 'ఎ రీడర్ ఫర్ రైటర్స్' అనే సంకలనం అందులో ఉన్నాయి. మిగిలిన ఐదింటిలో నాలుగు నల్లజాతి రచయితలకు సంబంధించినవి: రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్', ఎల్డ్రిడ్జ్ క్లీవర్ 'సోల్ ఆన్ ఐస్', ఆలిస్ చైల్డ్రెస్ 'ఎ హీరో ఎయింట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్', లాంగ్‌స్టన్ హ్యూజ్ సంపాదకత్వం వహించిన కథాసంకలనం. ఐదవది ప్యూర్టోరికన్ మూలాలు గల పిరి థామస్ ఆత్మకథ 'డౌన్ దీజ్ మీన్ స్ట్రీట్స్'. 'లాఫింగ్ బాయ్' 1930లోను, 'ది ఫిక్సర్' 1967లోను పులిట్జర్ బహుమతి పొందాయి. రష్యాలో యూదులు అనుభవించిన ద్వేషాన్ని చిత్రించిన 'ది ఫిక్సర్' నవల, యూదు వ్యతిరేకత ఒక ఆరోపణగా ఉన్న జాబితాలో చేరడం ఏరిన వాక్యాలతో పుస్తకాన్ని తూచే పద్ధతికి తార్కాణం.

అమెరికా వ్యతిరేకతకు ఉదాహరణ చెప్పమని విచారణ సమయంలో అడిగినప్పుడు మండలి ప్రతినిధులు ఆలిస్ చైల్డ్రెస్ నవలను చూపారు. జార్జ్ వాషింగ్టన్‌కు బానిసలు ఉండేవారని ఆ నవలలో ప్రస్తావన ఉంది. చారిత్రక సత్యమైన మాట సైతం దేశవ్యతిరేకతగా పరిగణన పొందిందన్న ఈ విషయం తరువాత సుప్రీంకోర్టు ప్రధానాభిప్రాయంలో చోటు చేసుకుంది. అశ్లీలత ఒక్కటే అభ్యంతరమైతే వాదం వేరుగా ఉండేది. ఈ ఉదాహరణ భావాల పట్ల వ్యతిరేకతను బయటపెట్టింది.

సమీక్షాసంఘం

విమర్శలు పెరిగిన తరువాత మండలి తానే ఒక సమీక్షాసంఘాన్ని నియమించింది. అందులో నలుగురు ఐలండ్ ట్రీస్ తల్లిదండ్రులు, నలుగురు పాఠశాల సిబ్బంది. పుస్తకాలను చదివి, విద్యోపయోగం, అభిరుచి, ప్రాసంగికత, వయస్సుకు తగినతనం అనే ప్రమాణాలతో పరిశీలించడం వారి బాధ్యత.

1976 జులైలో వారిచ్చిన నివేదిక ఏకపక్షమైనది కాదు. 'ది ఫిక్సర్', 'లాఫింగ్ బాయ్', 'బ్లాక్ బాయ్', 'గో ఆస్క్ ఆలిస్', హ్యూజ్ సంకలనం అనే ఐదింటిని ఉంచాలన్నారు. 'ది నేకెడ్ ఏప్', 'డౌన్ దీజ్ మీన్ స్ట్రీట్స్' తొలగించాలన్నారు. 'సోల్ ఆన్ ఐస్', చైల్డ్రెస్ నవల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. 'స్లాటర్‌హౌస్-ఫైవ్' తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వవచ్చునన్నారు. 'ఎ రీడర్ ఫర్ రైటర్స్' ప్రతి అందరికీ అందక అందరూ చదవలేకపోయినందున దానిపై అభిప్రాయం చెప్పలేదు. చదవని పుస్తకంపై తీర్పు చెప్పరాదన్న ఈ సంయమనం మొత్తం వివాదంలో అరుదైన గుణం.

అదే నెలలో మండలి ఈ నివేదికను చాలా మేరకు తోసిపుచ్చింది. 'లాఫింగ్ బాయ్' ఒక్కటే ఆంక్ష లేకుండా తిరిగి వచ్చింది. 'బ్లాక్ బాయ్' తల్లిదండ్రుల అనుమతికి లోబడి లభించింది. మిగిలిన తొమ్మిదీ తొలగిపోయాయి. తాను నియమించిన సంఘం సిఫారసును ఎందుకు నిరాకరించిందో మండలి కారణం చెప్పలేదు. జిల్లా తల్లిదండ్రులు పుస్తకాలు చదివి చెప్పిన మాటకన్నా, వెలుపలి తల్లిదండ్రుల సంస్థ జాబితాకే విలువ దక్కింది. మండలి సభ్యులు ఎన్నికైనవారే, వారికీ ప్రజాప్రాతినిధ్యం ఉన్నదన్నది నిజం. కాని ప్రాతినిధ్యం ఉన్నంత మాత్రాన తల్లిదండ్రుల అభిప్రాయమంతా తమదేనని చెప్పుకోవడం ఈ ఘటనలో సమర్థనీయం కాదు.

న్యాయస్థానాలలో

1977 జనవరిలో స్టీవెన్ పికో అనే విద్యార్థి, మరి నలుగురు విద్యార్థులు వ్యాజ్యం వేశారు. అప్పటికి న్యాయస్థానాల అభిప్రాయాలు రెండు విధాలుగా ఉన్నాయి. క్వీన్స్‌లో 'డౌన్ దీజ్ మీన్ స్ట్రీట్స్'పై విధించిన ఆంక్షను 1972లో ఒక అప్పీలు కోర్టు సమర్థించింది. ఒహాయోలోని స్ట్రాంగ్స్‌విల్‌లో జోసెఫ్ హెల్లర్, వానెగట్ నవలలను గ్రంథాలయం నుంచి తీసివేయడాన్ని 1976లో మరొక అప్పీలు కోర్టు తప్పుపట్టింది. పికో వ్యాజ్యంలో 1979లో జిల్లా న్యాయస్థానం మండలి పక్షాన, 1980లో అప్పీలు న్యాయస్థానం విద్యార్థుల పక్షాన నిలిచాయి.

సుప్రీంకోర్టులో తుది ఫలితం ఐదుగురికి నలుగురుగా తేలింది. న్యాయమూర్తి బ్రెనన్ రాసిన ప్రధానాభిప్రాయం పాఠ్యక్రమాన్ని, గ్రంథాలయాన్ని వేరు చేసింది. తరగతిలో పాఠం నిర్బంధం. గ్రంథాలయంలో పఠనం స్వచ్ఛందం. పుస్తకాల ఎంపికలో మండలికి విస్తృతమైన విచక్షణ ఉన్నా, కేవలం భావాలు నచ్చక వాటిని విద్యార్థులకు దూరం చేయడం రాజ్యాంగం మొదటి సవరణకు విరుద్ధమని అది చెప్పింది. అయితే ఈ సూత్రానికి ఐదుగురి మద్దతు లభించలేదు. ఐదవ న్యాయమూర్తి వైట్, మండలి ఉద్దేశం తేలడానికి విచారణ జరగాలన్న ఫలితంతో మాత్రమే ఏకీభవించాడు.

అసమ్మతి వాదాలు కూడా తేలికైనవి కావు. పుస్తకాలు వేరేచోట దొరుకుతున్నప్పుడు హక్కుకు భంగం ఎక్కడున్నదని ప్రధాన న్యాయమూర్తి బర్గర్ ప్రశ్నించాడు. గతంలో పాఠశాల మండలిలో పనిచేసిన పావెల్, స్థానిక ప్రజాప్రతినిధుల అధికారం న్యాయమూర్తుల చేతికి పోతున్నదని ఆక్షేపించి, పుస్తకాల నుంచి ఏరిన భాగాలను తన అభిప్రాయానికి అనుబంధంగా చేర్చాడు. సందర్భం నుంచి విడదీసిన వాక్యాలతో మొదలైన వివాదం తుది న్యాయస్థానంలోనూ అవే వాక్యాల రూపంలో కనిపించింది.

విచారణ మళ్లీ జరగనే లేదు. 1982 ఆగస్టులో మండలి పుస్తకాలను బీరువాలలోకి తిరిగి అనుమతించింది. విద్యార్థి వాటిని తీసుకుంటే ఇంటికి తెలియజేయాలన్న నియమం పెట్టినా, అది కూడా నిలవలేదు.

అనంతర పరిణామాలు

ప్రధానాభిప్రాయానికి పూర్తి మెజారిటీ లేకపోవడం వల్ల అదే ప్రశ్న తిరిగి తిరిగి వస్తున్నది. 2021–22 విద్యాసంవత్సరంలో దాఖలైన వెయ్యికి పైగా అభ్యంతరాలను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక పరిశీలించగా, వాటిలో సగానికి మించి కేవలం 11 మంది వేసినవని తేలింది. ఫ్లోరిడా 2023 చట్టం ప్రకారం కొన్ని రకాల అభ్యంతరం వచ్చిన పుస్తకాన్ని ఐదు పనిదినాలలో బీరువా నుంచి తీసి, నిర్ణయం వెలువడేదాకా పక్కన పెట్టాలి. మరుసటి ఏడు అదే రాష్ట్రం, ఆ జిల్లా పాఠశాలల్లో పిల్లలు లేనివారు నెలకు ఒక్క అభ్యంతరమే వేయాలని సవరించవలసి వచ్చింది. తల్లిదండ్రుల పేరిట ఇచ్చిన వెసులుబాటును తల్లిదండ్రులు కానివారు వాడుకున్నారని ఈ సవరణే చెప్పక చెబుతున్నది.

2025 జూన్‌లో మేరీలాండ్‌కు చెందిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, మతవిశ్వాసాలకు విరుద్ధమని భావించిన కథలు చదివే తరగతి నుంచి తమ బిడ్డలను తప్పించుకునే అవకాశం తల్లిదండ్రులకు ఇవ్వాలన్నది. ఆ తీర్పుతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. అక్కడి తల్లిదండ్రులు కోరినది తమ బిడ్డకు మినహాయింపు. ఇతరుల బిడ్డలకు పుస్తకం అందకుండా చేయడం కాదు. ఐలండ్ ట్రీస్ సమీక్షాసంఘం 'స్లాటర్‌హౌస్-ఫైవ్' విషయంలో సూచించిన మార్గం దీనికి దగ్గరగా ఉంది.

ముగింపు

ఐలండ్ ట్రీస్ వివాదాన్ని తల్లిదండ్రులకు, భావస్వేచ్ఛకు మధ్య పోరాటంగా చిత్రించడం వాడుక. లభించే ఆధారాలు ఆ చిత్రణను సమర్థించవు. జాబితా తెచ్చినవారు తల్లిదండ్రుల పేరు చెప్పారు; పుస్తకాలు చదివి ఐదింటిని ఉంచమన్న సంఘంలోనూ తల్లిదండ్రులు ఉన్నారు; వ్యాజ్యం వేసిన విద్యార్థులూ తల్లిదండ్రుల బిడ్డలే. అందువల్ల పాఠశాల గ్రంథాలయ చరిత్రలో తల్లిదండ్రుల ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు ఆ ప్రభావం ఉన్నదా లేదా అని అడగడం చాలదు. ఎవరు చదివారు, ఎవరి పిల్లల కోసం నిర్ణయించారు, కారణం చెప్పారా అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలకు ఐలండ్ ట్రీస్ మండలికన్నా ఆ ఎనిమిదిమంది సంఘమే మెరుగైన సమాధానం ఇచ్చింది. చరిత్ర మాత్రం ఆ వివాదాన్ని మండలి పేరుతోను, పికో పేరుతోను గుర్తుంచుకుంది.